నీడలేని మధ్యాహ్నం

ఏడున్నర కూడా కాలేదు. షెడ్డు పైరేకులు అప్పుడే టప్‌టప్‌మంటున్నాయి. ఎండకు ఇనుము సాగే చప్పుడది. మే మొదటి వారం, బెజవాడ ఆటోనగర్. పక్క సందులో లారీ బాడీలు కట్టేవాళ్ల సుత్తిదెబ్బలు మొదలయ్యాయి. ఎదురు షెడ్డులోంచి గ్రైండరు రవ్వలు రోడ్డు మధ్యదాకా వచ్చి ఆరిపోతున్నాయి. పాత ఇంజినాయిలు, వెల్డింగు పొగ, మూలమీది బండిలో వేగుతున్న గారెలు, అన్నీ కలిసి ఒకే గాలి.

షెడ్డు ముందు ఒక కరెంటు ఆటో నిలబడి ఉంది. దాని పక్కన రెండు ప్లాస్టిక్ స్టూళ్ల మీద సోలార్ ప్యానెల్. ప్యానెల్ మీద గళ్ల దుప్పటి, దుప్పటి ఎగిరిపోకుండా నాలుగు అంచుల మీదా నాలుగు పానాలు.

ఎలా ఉందో చూద్దామని దుప్పటి అంచు ఎత్తబోయాను. "తియ్యకండి సార్, వైర్లు విప్పి ఉన్నాయి" అంది మేస్త్రిగారి అమ్మాయి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివింది. చెవి వెనక టెస్టరు, చేతిలో వైరు తోలు ఒలిచే కటింగు ప్లయరు. "మిగతా దేన్నైనా ప్లగ్గు పీకేసి పని చేసుకోవచ్చు. దీన్ని ఆపాలంటే సూర్యుణ్ని ఆపాలి. వెలుగు పడితే చాలు, ఈ రెండు కొసల మధ్య 40 వోల్టుల పైన నిలబడుతుంది. అందుకే పనయ్యేదాకా దుప్పటి."

ఆటో యజమానికి నలభై అయిదేళ్లుంటాయి. ఖాకీ చొక్కా గుండీలు విప్పుకుని, మోకాళ్ల మీద చేతులాన్చి, ఆపరేషన్ గది బయట కూర్చున్న మనిషిలా కూర్చున్నాడు. ఇరవై ఏళ్లు పెట్రోలు ఆటో తోలాడు. మూడేళ్ల కిందట అది అమ్మేసి, పైన అప్పు చేసి ఈ కరెంటు ఆటో కొన్నాడు. కొత్తలో రాత్రంతా ఛార్జింగు పెడితే మర్నాడు 110 కిలోమీటర్లు నడిచేది. ఇప్పుడు బ్యాటరీ ముదిరి 90 దగ్గర ఆగిపోతోంది. వారంటీ కాలం కూడా దాటిపోయింది.

"ఆ తగ్గిన ఇరవై ఉంది చూశారూ, అది సాయంత్రం పూట ఏడిపిస్తోంది సార్" అన్నాడు. "ఆరింటికి బస్టాండు దగ్గర ఎవరో పెట్టె పట్టుకుని వచ్చి గన్నవరం ఎయిర్‌పోర్టు అంటారు. పోనూ రానూ నలభై కిలోమీటర్లు. బండిలో చూస్తే ఇరవై అయిదుకే ఉంటుంది. మంచి బేరం, చేతులారా పక్కవాడికి అప్పజెప్తున్నా."

మధ్యాహ్నం ఇంటికెళ్లి కాసేపు ఛార్జింగు పెట్టుకోకూడదా అని అడిగాను.

"రెండు గంటలు బండి గోడకి కట్టేస్తే ఆ రెండు గంటల బేరాలు ఎవరిస్తారండీ?"

ఈ ఉదయం జరిగేదంతా ఆ పదిహేను, ఇరవై కిలోమీటర్ల కోసమే. ఎండలో ఊరంతా తిరిగే బండికి ఆ ఎండే కాస్త సాయం పట్టకూడదా అన్నది మేస్త్రి కూతురి ఆలోచన. బండిని పూర్తిగా ఎండతో నడిపిస్తానని ఆమె ఒక్కసారీ అనలేదు. 'సాయం' అనే మాటే వాడుతోంది. ఆ మాట నాకు నచ్చింది. సోలార్ బండ్ల గురించి గొప్పలు చాలా విన్నాను. ఆ గొప్పలు నమ్మి డబ్బు పోసినవాళ్లనీ చూశాను.

ముందు బరువు సంగతి తేలాలి. ప్యానెల్ దాదాపు 2 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, 22 కిలోలు. మూడు చక్రాల బండి నెత్తిన అంత బరువు పెడితే మలుపులో తూలుతుందేమోనని మేస్త్రి భయం. ముప్పై అయిదేళ్లుగా బోల్తాపడ్డ ఆటోలను బాగుచేసిన చేతులవి, ఆ భయాన్ని కొట్టిపారెయ్యడానికి లేదు. అందుకే టాపు మీద ఉండే ఇనప క్యారియర్‌ని నిన్ననే కోసేశాడు. పాత ఇనుము కొట్లో తూకం వేస్తే 17 కిలోలొచ్చింది. దాని చోట తేలికపాటి అల్యూమినియం ఫ్రేము కూర్చుంది. నాలుగు కాళ్ల కిందా పాత లారీ ట్యూబు కోసి చేసిన రబ్బరు ముక్కలు. నట్టు బిగించాక, నట్టు మీంచి ఫ్రేము మీదికి తెల్ల పెయింటుతో సన్నగా ఒక గీత గీస్తున్నాడు. రేపు గీత విరిగి కనిపిస్తే నట్టు తిరిగిందని అర్థం. అలా ఎనిమిది నట్లు, ఎనిమిది గీతలు.

ఫ్రేముకీ రెక్సిన్ టాపుకీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ వదిలాడు. "గాలాడాలి నాన్నా" అని కూతురు పొద్దుట్నుంచి మూడోసారి చెప్పింది. ఇది చాలామంది తలకిందులుగా అనుకునే విషయం. ప్యానెల్‌కి వెలుగు కావాలి, వేడి పడదు. దానిమీద రాసిన 335 వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచిన లెక్క. అక్కణ్నించి డిగ్రీ పెరిగినప్పుడల్లా నూటికి 0.4 చొప్పున తరుగుతుంది. మన మే నెలలో అద్దం కింద బిళ్లలు 65 డిగ్రీలకు సునాయాసంగా చేరతాయి. అంటే నూటికి 16 వంతులు అక్కడికక్కడే ఆవిరి. బెజవాడ ఎండ చూసి ఇక్కడ సోలార్ విరగకాస్తుందనుకుంటాం. ఇంతే వెలుతురు ఉండి కాస్త చల్లగా ఉన్న ఊళ్లో ఇదే ప్యానెల్ ఇంతకంటే ఎక్కువ ఇస్తుంది.

ఎనిమిదీ నలభై. వైర్ల కొసలు టిక్కుమని కలిశాయి. ఎర్ర వైరు మధ్యలో ఫ్యూజు. సీటు కింద, బ్యాటరీ పెట్టె పక్కన, పుస్తకమంత కంట్రోలర్. అందరూ లేచి నిలబడ్డారు. అమ్మాయి స్టూలెక్కి దుప్పటి లాగేసింది.

నీలంగా 72 బిళ్లలు. వాటి మీద వెండి పోగుల్లాంటి గీతలు. అందులో ఆకాశం, కరెంటు తీగలు, తీగ మీద కాకి. కంట్రోలర్ మీద పచ్చ లైటు వెలిగింది. డ్రైవరు చేతులు జోడించాడు. అమ్మాయి క్లాంపు మీటరు నోరు తెరిచి ఎర్ర వైరు చుట్టూ తగిలించింది.

0.0

వైరు కదిపారు. 0.0. మేస్త్రి కనెక్టర్లు ఊడదీసి ఊది మళ్లీ పెట్టాడు. 0.0. పచ్చ లైటు మాత్రం అలాగే వెలుగుతోంది. "లూజు కాంటాక్టేమో అమ్మలూ" అన్నాడు. ఆమె జవాబివ్వకుండా ప్యానెల్ కొసలు విడిగా కొలిచింది: 43 వోల్టులు. బ్యాటరీ కొలిచింది: 52. తర్వాత కంట్రోలర్ విప్పి, తిరగేసి, అడుగున అంటించిన చీటీ చదివింది. మొహం మాడిపోయింది.

"నాన్నా, మనం అడిగింది ఎత్తేది. వాళ్లిచ్చింది దించేది."

కొట్టువాడు రెండూ ఒకటేనని చెప్పి పంపాడట. ఒకటి కాదు. ఇంటి మీద రెండు మూడు ప్యానెళ్లు వరసగా కలిపి పెడతారు. అక్కడ ప్యానెళ్ల వోల్టేజి బ్యాటరీ కంటే ఎక్కువ, దాన్ని దించితే సరిపోతుంది. ఆటో టాపు మీద ఒక్కటే పడుతుంది. అది కరెంటు ఇచ్చేటప్పుడు 38 వోల్టుల దగ్గర ఉంటుంది, ఎండకు కాగితే 32కి దిగుతుంది. బ్యాటరీయేమో 52 దగ్గర కూర్చుంది. పల్లంలో ఉన్నది మెరకకి ఎలా పారుతుంది?

"పట్టిసీమలో పెట్టినట్టు మోటార్లు పెట్టి ఎత్తిపొయ్యాలన్నమాట" అన్నాడు డ్రైవరు. గోదావరి నీళ్లు ఎత్తిపోస్తే కాలవ పట్టుకుని కృష్ణలోకి రావడం చూసిన ఊరు ఇది. ఆ పోలిక ఇక్కడ ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

మేస్త్రికి అది చాల్లేదు. ఎత్తేది ఎలా ఎత్తుతుంది? లోపల పంపు ఎక్కడుంది? కూతురు నేలమీద సుద్దముక్కతో బొమ్మ వేసింది. ఒక రాగితీగ చుట్ట, ఒక స్విచ్చి. స్విచ్చి సెకనుకు వేలసార్లు మూసుకుని తెరుచుకుంటుంది. మూసినప్పుడు చుట్టలో కరెంటు పుంజుకుంటుంది. ఉన్నట్టుండి తెరిస్తే ఆ కరెంటు ఆగనని ఎగదన్నుతుంది, వోల్టేజి పైకి లేస్తుంది. ఆ ఎగదన్నినదాన్ని పట్టి బ్యాటరీలోకి మళ్లించడమే.

మేస్త్రి బొమ్మకేసి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత చప్పున వంగి సుద్దముక్క లాక్కున్నాడు.

"ఓసినీ, ఇది ఇగ్నిషన్ కాయిలే కదే!"

అవును, అదే. పాత పెట్రోలు బండిలో పాయింట్లు విడిపోయిన క్షణాన కాయిలు ఎగదన్నుతుంది. 12 వోల్టుల బ్యాటరీ నుంచి వేల వోల్టులు పుట్టి ప్లగ్గు కొసన నిప్పురవ్వ దూకుతుంది. పాయింట్లు గీకి, సందు సరిచేసి, ఆ రవ్వ నీలంగా ఉందో ఎర్రగా ఉందో చూసి ముప్పై అయిదేళ్లు బతికిన మనిషి. ఇంజిను లేని బండ్లొచ్చాక తనకిక తెలిసిందేమీ మిగల్లేదన్నట్టు నెలరోజులుగా పక్కనే నిలబడి చూస్తున్నాడని కూతురు తర్వాత నాతో చెప్పింది. ఇప్పుడు సుద్దముక్కతో ఆ బొమ్మ పక్కనే కండెన్సరూ, డిస్ట్రిబ్యూటరూ వేసి చూపిస్తున్నాడు ఆమెకి. ఆమె కూడా మోకాళ్ల మీద కూర్చుని నేర్చుకుంటోంది.

షెడ్డులో పనిచేసే కుర్రాణ్ని బైకు మీద ఊళ్లోకి పంపారు, ఎత్తే కంట్రోలర్ తెమ్మని. అది వచ్చేదాకా చేసేదేం లేదు. దుప్పటి మళ్లీ కప్పారు. టీ చెప్పారు.

టీ వచ్చే వేళకి డ్రైవరు బావమరిది కూడా వచ్చాడు. అతనిది పెట్రోలు ఆటో. ఆపితే ఇంజిను ఇంకో రెండుసార్లు దగ్గి ఆగింది.

"ఏంటి బావా, పందిరి వేయిస్తున్నావంట?"

"పందిరే రా. కింద నీడ, పైన కరెంటు."

లెక్కలు మొదలయ్యాయి. బావమరిది నిన్న 92 కిలోమీటర్లు తిరిగాడు, మూడు లీటర్లు పోయించాడు. లీటరు 110 రూపాయల చేరువలో ఉంది కాబట్టి 330. బావ నిన్న 90 తిరిగాడు. ఇంట్లో మీటరు మీద ఆరు, ఆరున్నర యూనిట్లు, యాభై అరవై రూపాయలు. ఈ తేడా ఇద్దరికీ తెలిసిందే, మూడేళ్లుగా దీనిమీదే వాదన. బావమరిది అసలు ప్రశ్న వేరు. "మరి ఇంత చవగ్గా వస్తుంటే పైన మళ్లీ పద్దెనిమిది వేలెందుకు బావా?"

నేనూ అదే అడుగుదామనుకుంటున్నాను. అమ్మాయి తడుముకోకుండా చెప్పింది. రోజంతా ఎండలో నిలబెడితే ఈ ప్యానెల్ ఒకటిన్నర యూనిట్ ఇస్తుంది. తిరిగే ఆటో రోజంతా ఎండలో ఉండదు. చెట్లు, మేడలు, బెంజిసర్కిల్ ఫ్లైఓవరు నీడలు పోను, ఒక యూనిట్, ఆపైన ఇంకాస్త. యూనిట్‌కి ఈ బండి 16 కిలోమీటర్లు నడుస్తుంది. ముసురు పట్టిన శ్రావణంలో అందులో సగం కూడా రాకపోవచ్చు. పెట్రోలుతో పోలిస్తే రోజుకి అర లీటరు పైన, అరవై రూపాయలు మిగిలినట్టు. కరెంటు బిల్లుతో పోలిస్తే తొమ్మిది రూపాయలు. తొమ్మిది చొప్పున పద్దెనిమిది వేలు రాబట్టాలంటే అయిదేళ్లు దాటుతుంది.

"అందుకని బిల్లు తగ్గించుకోడానికి పెట్టుకోవద్దన్నా" అంది డ్రైవరుతో. "నీకు ఆ పదహారు కిలోమీటర్లు సాయంత్రం ఆరింటికి కావాలి. అప్పుడు కావాలంటేనే ఇది పెట్టుకో."

ఆరింటికి మిగిలే 25కి ఈ 16 కలిస్తే 41. గన్నవరం బేరానికి 40 కావాలి. ఆ బేరం మూడొందలకు తక్కువ కాదు. వారానికి రెండు దొరికినా ఏడాది తిరక్కుండా ఖర్చు తీరిపోతుంది. డ్రైవరు ఈ లెక్క చాలాసార్లు వేసుకున్నట్టున్నాడు, ఆమె చెబుతుంటే పెదాలు కదుపుతున్నాడు.

సందు చివర రోడ్డు మీద పెట్రోలు ట్యాంకరు ఒకటి భారంగా మలుపు తిరిగింది. కొండపల్లి డిపోల నుంచి రోజూ వచ్చేవి. మన దేశం వాడే ముడిచమురులో నూటికి 85 వంతులకు పైగా బయటి దేశాల నుంచి ఓడల్లో దిగుతుంది. ఎక్కడో సముద్రం అవతల యుద్ధం వస్తే పటమటలో ఆటోవాడి ఇంట్లో పప్పు పలచనవుతుంది. ఆ గొలుసులోంచి రోజుకి అర లీటరు తెంపడం కూడా నాకు చిన్న పనిగా కనిపించదు. రాత్రి ప్లగ్గులోంచి వచ్చే కరెంటూ శుద్ధమైనదేం కాదు, చాలావరకు బొగ్గుదే. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషను పొగగొట్టాలు ఈ ఊరివాళ్లందరికీ తెలుసు.

"అసలు మొత్తం బండి ఎండ మీదే నడవదా?" అన్నాడు బావమరిది.

నడిచింది అని చెప్పింది అమ్మాయి. 1987 నవంబరులో ఆస్ట్రేలియాలో డార్విన్ నుంచి అడిలైడ్‌కు, ఉత్తరపు కొస నుంచి దక్షిణపు కొసకు 3,000 కిలోమీటర్ల పందెం పెట్టారు. 23 బండ్లు పోటీపడితే జనరల్ మోటార్స్ వాళ్ల సన్‌రేసర్ గెలిచింది. సగటు వేగం గంటకు 67 కిలోమీటర్లు. వినగానే బావమరిది కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత మిగతా సంగతీ చెప్పింది. ఆ బండిలో ఒక్క మనిషే పడతాడు, అదీ వెనక్కి వాలి పడుకున్నట్టు. బండి బరువు 200 కిలోలు కూడా లేదు. ఆకారం వానచినుకులా. ఒళ్లంతా పలకలే, ఈ ప్యానెల్‌కి నాలుగైదింతలు. ముగ్గుర్ని ఎక్కించుకుని సంచులు పెట్టుకుని గతుకుల్లో పోయే బండి కాదది. అయినా ఆ పందెం వృథా పోలేదు. ఆ బండిని తయారుచేసినవాళ్ల చేతి మీదే తర్వాత ఇంపాక్ట్ అనే కరెంటు కారు 1990లో బయటికొచ్చింది, దాన్నుంచి 1996లో ఈవీ1 వచ్చింది.

"మరి ఆటో?"

"ఆటో కూడా పోయింది బాబాయ్. బెంగళూరు నుంచి లండన్ దాకా."

2016లో. ఇండియాలో పుట్టిన ఆస్ట్రేలియా ఇంజినీరు నవీన్ రాబెల్లి డీజిలు ఆటో కొని, ఇంజిను తీయించి, మోటారు పెట్టి, టాపు మీద సోలార్ పలకలు పరిచాడు. తేజస్ అని పేరు పెట్టాడు. ఫిబ్రవరిలో బయల్దేరాడు. ముంబై నుంచి ఓడలో ఇరాన్ చేర్చి, తుర్కియే మీదుగా యూరప్ అంతా దాటి సెప్టెంబరుకి లండన్ చేరాడు. దాదాపు 10,000 కిలోమీటర్లు. ఫ్రాన్సులో పర్సూ పాస్‌పోర్టూ ఎవరో కొట్టేస్తే కొన్నాళ్లు ఆగాల్సి వచ్చింది. ఇది విన్నాక డ్రైవరు లేచి వెళ్లి తన ఆటో హ్యాండిల్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఏమీ అనలేదు.

మేస్త్రికి ఇంకో సందేహం. ప్యానెల్‌ని బండి నెత్తిన ఎందుకు మొయ్యడం, స్టాండులో షెడ్డు వేసి దానిమీద పెడితే పోదా? న్యాయమైన ప్రశ్న. 2008లో దుర్గాపూర్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ సోలెక్‌షా అనే రిక్షా చేసి ఢిల్లీలో దించినప్పుడు అదే పద్ధతి పెట్టింది. పలకలు స్టేషనులో ఉంటాయి, రిక్షావాడు బ్యాటరీ అక్కడ మార్చుకుంటాడు. స్థిరంగా ఉన్న పలకని దక్షిణానికి వాల్చి పెట్టుకోవచ్చు, గాలాడుతుంది, కడగడం తేలిక. అన్ని విధాలా అదే మేలు. "కానీ నాన్నా, మన స్టాండుకి చెట్టు నీడే దిక్కు, షెడ్డు ఎవరేస్తారు? నలుగురు కలిసేదాకా ఈయన ఆగాలా?" అంది కూతురు. అది సాంకేతికమైన జవాబు కాదు. సరైన జవాబు మాత్రం అదే అనిపించింది నాకు.

పదకొండున్నరకి కుర్రాడు చెమట్లు కక్కుతూ వచ్చాడు. ఈసారి చీటీ ముందే చదివారు. ఎత్తేదే.

మళ్లీ టిక్కు, టిక్కు. ఫ్యూజు. పన్నెండు కావొస్తోంది. అప్పుడు గమనించాను, నా నీడ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోంది. బెజవాడ పదహారున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు, మళ్లీ ఆగస్టు మొదట్లో ఇంకోసారి. కుర్రాడు జానెడు బోల్టు ఒకటి నేలమీద నిలబెట్టాడు. పన్నెండూ నాలుగుకి దాని నీడ దాని తల కిందే అణిగిపోయింది. ఆటో నీడ కూడా ఆటో కిందే, చాప పరిచినట్టు నలుచదరంగా. బల్లపరుపుగా పడుకోబెట్టిన ప్యానెల్‌కి సూర్యుడు ఇంత ఎదురుగా నిలబడే మధ్యాహ్నాలు ఏడాదికి ఇవే.

అమ్మాయి దుప్పటి లాగింది.

0.0. తర్వాత 0.9. కంట్రోలర్ వెతుక్కుంటోందని చెప్పింది. ప్యానెల్‌ని ఏ వోల్టేజి దగ్గర పట్టుకుంటే ఎక్కువ పిండొచ్చో అది తనే తడిమి చూసుకుంటుంది. 2.6. 4.1. 4.8 దగ్గర నిలిచింది.

ఎవరూ కేక వెయ్యలేదు. డ్రైవరు మీటరు మీదికి వంగి, చెయ్యి అడ్డం పెట్టుకుని, అంకె మళ్లీ చదివాడు. 4.8 ఆంపియర్లు, 52 వోల్టుల దగ్గర, 250 వాట్లు. 335 ఏమయ్యాయని అడిగాడు. ప్యానెల్ అంచు ముట్టుకోమంది. ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "అక్కడికి పోయాయన్నా" అంది.

తర్వాత ఆమె ఇంకో పని చేసింది. పక్కన రాలి ఉన్న బాదం ఆకు ఒకటి తీసి ప్యానెల్ మూలన ఒక బిళ్ల మీద పెట్టింది. 72 బిళ్లల్లో ఒక్కటి. మీటరు 4.8 నుంచి 3.2కి పడిపోయింది. మూడో వంతు మాయం. బిళ్లలన్నీ ఒకే గొలుసు. ఒక కడియం బిగుసుకుంటే దాని వరసలో ఉన్న 24 బిళ్లల్ని పక్కకి తప్పించి మిగతావాటితో నడిపిస్తాయి లోపలి డయోడ్లు. అవి లేకపోతే పోయేది ఇంకా ఎక్కువ. "పొద్దున్నే తడిగుడ్డ పెట్టి తుడవాలన్నా. కాకి రెట్ట చూసి వదిలెయ్యకు." డ్రైవరు ఆకు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లో వాళ్లకి చూపించాలట.

బండి తీశారు. కాగితాల పని పూర్తయ్యేదాకా ప్యాసింజర్లని ఎక్కించనని అతను ముందే అన్నాడు. రవాణా ఆఫీసుకు చూపించుకోవాలి. వెనక సీట్లో నేనూ మేస్త్రీ, కింద చాపమీద మీటరు పట్టుకుని అమ్మాయి. ఆటోనగర్ లోపలి రోడ్లు, గుంటలు, లారీ టైర్ల గుట్టలు. మొదటి మలుపులో మేస్త్రి రెండు చేతులతో కడ్డీ పట్టుకున్నాడు. బండి తూలలేదు. రెండో మలుపులో ఒక చెయ్యి వదిలాడు. మూడో మలుపు దాటాక జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, కొస సీటు కింది ఇనుముకి ఆన్చి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. బేరింగు ఎలా ఉందో వినడం. ఇంజిను లేకపోయినా బేరింగు ఉంటుంది కదా.

"వెనక ఎడమ చక్రం కొంచెం గరగరమంటోంది. సాయంత్రం విప్పుదాం" అన్నాడు.

కింద కూర్చున్న అమ్మాయి అంకెలు చదువుతోంది. బండి ముప్పై మీద పోతున్నప్పుడు మోటారు తాగేది 35 ఆంపియర్లు, పైనుంచి దిగేది 5.1. అవును, పెరిగింది. నాలుగు వేళ్ల ఖాళీలోంచి గాలి దూసుకుపోయి పలక చల్లబడింది. మోటారు తాగేదాంట్లో ఏడింట ఒక వంతు. ట్రాఫిక్ దగ్గర ఆగాం. మోటారు సున్నా. పైనుంచి మాత్రం 5 అలాగే దిగుతోంది. పెట్రోలు బండి ఆగిన చోట ఇంజిను తిరుగుతూ నూనె తాగుతుంది. ఇది ఆగిన చోట నింపుకుంటోంది. నా తల మీద రెక్సిన్ టాపుకి చెయ్యి ఆన్చి చూశాను. మే మధ్యాహ్నం ఆటో టాపు ఎంత కాలుతుందో తెలిసినవాణ్ని. ఇది గోరువెచ్చగా ఉంది.

అందర్నీ దింపేశాక డ్రైవరు పటమట వైపు స్టాండుకి పోతుంటే నేనూ ఎక్కాను. అక్కడ ఒక పెద్ద వేపచెట్టు, దాని కింద వరసగా అయిదారు ఆటోలు, ఆటోల్లో కాళ్లు బయటికి పెట్టి నిద్రపోతున్న డ్రైవర్లు. ఇరవై మూడేళ్ల అలవాటు, బండి తనంతట తనే చెట్టు కిందికి పోయి ఆగింది. దిగబోతూ హ్యాండిల్ పక్కన కొత్తగా పెట్టిన చిన్న తెర చూశాడు. 0.6.

నాకేసి చూశాడు. చెట్టుకేసి చూశాడు. ఎండాకాలం ఆటోవాడు రోజంతా వెతికేది నీడనే. బేరం తర్వాత బేరం, మధ్యలో ఎక్కడ నీడ దొరికితే అక్కడ బండి. ఆ అలవాటుకి ఎదురు తిరగమంటోంది నెత్తిమీది పలక.

బండిని వెనక్కి తీసి, చెట్టు నీడ అంచుకి తూర్పుగా, ఎండలో పెట్టాడు. అందులోంచి నీళ్లసీసా, తువ్వాలు తీసుకుని వచ్చి చెట్టు మొదట్లో కూర్చున్నాడు. నిద్రలోంచి లేచిన ఒకాయన "ఏమయ్యా, బండిని ఎండబెడుతున్నావా?" అన్నాడు. ఇతను జేబులోంచి బాదం ఆకు తీసి చెప్పడం మొదలుపెట్టాడు. బిళ్లలు, గొలుసు, ఎత్తేది, దించేది. పట్టిసీమ దగ్గరకొచ్చేసరికి ఇంకో ఇద్దరు లేచి కూర్చున్నారు. ఒకాయన లేచెళ్లి ప్యానెల్ కింద చెయ్యి దూర్చి ఖాళీ కొలుస్తున్నాడు.

మూడవుతోంది. సూర్యుడు పడమటికి వాలినకొద్దీ వేపచెట్టు నీడ తూర్పుకి పాకుతోంది. కొమ్మ కొస నీడ ఒకటి ఆటో టాపు అంచుని తాకింది. అతను మాట మధ్యలో ఆపి లేచాడు. హ్యాండ్‌బ్రేకు వదిలి, భుజం ఆన్చి, బండిని నాలుగడుగులు ముందుకి నెట్టాడు. తెర మీద అంకె 2.2 నుంచి 3.4కి లేచింది. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చి మళ్లీ నీడలో కూర్చున్నాడు.